సంగటి గిన్నెలో ఒక ముద్ద

రేపు చింతామణిలో మా అమ్మాయికి పీయూసీ (ఇక్కడి ఇంటరు) గణితం పరీక్ష. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లోనే కూర్చోబెట్టి తర్కం పాఠం చదివిస్తున్నాను. ‘అందరూ తిన్నారు’ అనే వాక్యానికి వ్యతిరేకం రాయమంటే మళ్ళీ ‘ఎవరూ తినలేదు’ అని రాసింది. నాకు ఒళ్ళు మండింది.

“అందరూ పస్తుండాల్సిన పనిలేదే! ఒక్కరు తినకపోయినా సాలు, ఆ మాట అబద్ధమైపోతాది,” అని అరిచాను.

రాగిసంగటి గిన్నెకు మూత పెడుతున్న మా అత్త చెయ్యి ఆగింది. ఆమె రోజూ అడుగున ఒక ముద్ద ఉంచేస్తుంది. గిన్నె ఖాళీ చేయకూడదనే ఆనవాయితీ కాబోలని నేనెప్పుడూ అడగలేదు.

“నిజమేనమ్మా. మనింట్లో తిననోళ్ళు ఒకరుండారు,” అంది.

“యాడుండారత్తా? అందరం తిన్నాం గదా?”

“నీ మొగునికంటే ముందు పుట్టిన బిడ్డ. పేరు పెట్టేలోపలే పాయ. పేరుండుంటే పిలిచి పెట్టుండేదాన్ని గదమ్మా.”

మూత పెట్టి, చేతులు కడుక్కొని పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మాయి నావైపు చూడకుండా పాత జవాబు కొట్టేసి, ‘కనీసం ఒకరు తినలేదు’ అని రాసింది. సరైన జవాబే. ఆ ఒకరు ఉన్నారంటే చాలు, పేరు చెప్పమని తర్కం అడగదు.

ఇప్పుడు రాత్రి సంగటికి ఎసరు పెడదామని వచ్చాను. ఎంతమందికి నీళ్ళు పోయాలో తెలియక చెంబు పట్టుకొని నిలబడ్డాను. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినదాన్ని!

సరే, మీ ఇంట్లో అందరూ తిన్నారా?