ఘాటెక్కిన బండి

ఆదెయ్యని తిట్టినన్ని తిట్లు నేను నా సొంత తమ్ముణ్ణి కూడా తిట్టి ఉండను. నాకు ముక్కు మీద కోపం, ఆ మాట దాచుకోను. పద్దెనిమిదేళ్ళుగా నల్లపాడు రోడ్డులో పాత బళ్ళ బ్రోకరు పని చేస్తున్నాను. అమ్మేవాడు బండిని కూతురిలా చూసుకున్నానంటాడు. కొనేవాడు అది ఇనప సామాన్ల కొట్టుకి పోవాల్సిన సరుకంటాడు. ఇద్దరి మధ్యా నిలబడి అరిచీ అరిచీ నా గొంతు ఇలా తయారైంది. "మా ఆయనకి ఫోనెందుకు, కిటికీ తీసి మాట్లాడితే గుంటూరంతా వినపడుతుంది" అంటుంది మా ఆవిడ కరీమున్.

ఆదెయ్యది ప్రత్తిపాడు పక్కన పల్లె. పదెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. పొట్టి మనిషి, మాట మెత్తన. ఆయన్ని చూస్తే ఇంత మొండితనం ఎక్కడ దాచుకున్నాడా అనిపిస్తుంది. మిర్చి ధర ఆకాశంలో కూర్చున్న ఏడాది, పంట అమ్మిన డబ్బుతో బండి కొంటానని నా దగ్గరికి వచ్చాడు.

"చిన్న లోడు బండి తీసుకోవయ్యా. పదేళ్ళు వాడుకున్నా కూరగాయలవాడో, నీళ్ళ టిన్నులవాడో కళ్ళకద్దుకుని కొనుక్కుంటాడు" అని చెప్పాను.

వింటేగా! నాలుగు చక్రాలకీ పవరు, నాలుగు తలుపులు, ముందు కారులాగా ఏసీ క్యాబిను, వెనక తెరిచిన తొట్టి ఉన్న పెద్ద పికప్ షోరూములో కొత్తదే కొన్నాడు. పద్నాలుగు లక్షలు ఒక్కసారే కట్టేశాడు. నిమ్మకాయలు తొక్కించి, దండ వేసి, సరాసరి నా షెడ్డు ముందుకే తెచ్చి హారన్ కొట్టాడు.

"చూడు భాయ్, ఎట్టా ఉందో!"

"బాగానే ఉంది. అమ్మేరోజు ఏడుస్తావు" అన్నాను. నా నోటికి శుభం పలకడం ఎప్పుడు వచ్చింది గనక!

అయితే ఆయన కొన్నది ఊరికే షోకుకి కాదు. వాన పడిందంటే మా నల్లరేగడి చెప్పుని కూడా వదిలిపెట్టదు. ట్రాక్టర్లు ఇరుసుల దాకా దిగబడి, రెండో ట్రాక్టరు వచ్చి లాగితే అదీ దిగబడుతుంది. ఆదెయ్య బండి మాత్రం ఆ బురదలో గునగునా నడిచి, పొలం మధ్యలోంచి టిక్కీలు వేసుకుని బయటికి వచ్చేది. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరి పంట చిక్కుకున్నా ఆదెయ్యకే ఫోను. నిజానికి బండి గొప్పతనం సగమే, ఎక్కడ మెత్తనో ఎక్కడ గట్టో ఆయన కాళ్ళకి తెలుసు. కాదనడం ఆయనకి రాదు. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు.

ఏడాది తిరక్కుండా పన్నెండు లక్షలకి అడిగే పార్టీని తెచ్చాను. "ప్రాణం అడిగినట్టుంది భాయ్" అని నవ్వాడు. ఆ మరుసటి ఏడాది తొమ్మిదిన్నర లక్షలకి అడిగారు. అప్పటికి నవ్వు తగ్గింది గానీ తల అడ్డంగానే ఊపాడు. ఈ రకం బండి సంగతి నాకు తెలుసు. రైతుకి దాని తొట్టి చాలదు, టౌను మనిషికి దాని కుదుపు పడదు. కొనేవాడు వెయ్యిమందిలో ఒకడుంటాడు. ఆ ఒక్కడూ వచ్చీ రాగానే తువ్వాలు పరుచుకుని బండి కింద పడుకుంటాడు. అడుగున ఎంత బురద గట్టిపడింది, ఎక్కడ తుప్పు పట్టింది చూస్తాడు. రోడ్డు మీద తిరిగిన బండికి వయసు ఏళ్ళలో వస్తే, బురదలో దిగిన బండికి నెలల్లో వస్తుంది. అదంతా విప్పి చెబితే, "ఇప్పుడెవరు అమ్ముతున్నారు?" అనేవాడు.

పైగా ఇంకో ఘనకార్యం చేశాడు. మార్చిలో అకాల వాన వచ్చిన ఏడు, కల్లంలో ఆరబోసిన కాయ తడిసిపోతుంటే అందరూ పైన కప్పే పట్టాల కోసం పరుగెత్తారు. ఈయన మేలు రకం కాయంతా టిక్కీలకెత్తి బండి క్యాబిన్‌లో కుక్కాడు. వెనక సీటులో, ముందు సీటులో, కాళ్ళ దగ్గర, అన్నిచోట్లా. అద్దాలు బిగించి నాలుగు రోజులు అలాగే ఉంచాడు. ఊళ్ళో అందరి కాయా నల్లబడితే ఆయనది మాత్రం నిగనిగలాడింది. ఇక అదే అలవాటైపోయింది. మబ్బు పట్టిందంటే చాలు, మేలు కాయ క్యాబిన్‌లోకి. ఊళ్ళో ఆయన తెలివికి మెచ్చుకోని వాడు లేడు. క్యాబిన్‌లో కాయ దాస్తున్నాడన్న మాట మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు.

కిందటి ఏడు రెండు దెబ్బలు కలిసి తగిలాయి. మిర్చి ధర పడిపోయింది. ఆదెయ్య భార్య కనకలక్ష్మికి దగ్గు పట్టుకుంది. ఇరవై రెండేళ్ళుగా కల్లాల్లో కూర్చుని తొడిమెలు తీసి, తాలు కాయ ఏరిన మనిషి. గుంటూరులో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, చివరికి ఒకే మాట చెప్పారట. "మందులు నేనిస్తాను. కానీ మిరపకాయ దుమ్ము లేని చోటికి వెళ్ళిపోమ్మా. ఇంకో సీజన్ ఇక్కడే ఉంటే నేను చేయగలిగింది ఉండదు."

మా ప్రాంతంలో ఆ దుమ్ము లేని చోటేది? పొలంలో అదే, కల్లంలో అదే, చివరికి బస్సులో పక్కన కూర్చున్న వాళ్ళ బట్టల మీదా అదే. కనకలక్ష్మి అక్క అంకమ్మది వాడరేవు. శనాదివారాలు సముద్రానికి వచ్చేవాళ్ళతో కిటకిటలాడే రోడ్డులో ఒక టిఫిన్ హోటలు, వెనక గదితో సహా ఖాళీ అవుతోందని కబురు చేసింది. అడ్వాన్సు ఆరు లక్షలు. వినాయక చవితి లోపు కట్టకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. ఆదెయ్యకి ఆస్తి అంటూ ఉన్నది ఆ బండి ఒక్కటే.

"ఆరొస్తే చాలు భాయ్. ఒక్క రూపాయి ఎక్కువొద్దు" అన్నాడు నా షెడ్డులోకి వచ్చి. నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండు తెస్తే నవ్విన మనిషి! పావుగంట ఏకధాటిగా తిట్టాను. అంతా విని, "అయిపోయిందా? ఇప్పుడు పార్టీని చూడు" అన్నాడు.

చూశాను. విజయవాడలో కాలేజీ లెక్చరరు, రఘురామ్ గారని. కొండలూ అడవులూ తిరిగే సరదా ఉంది. భార్య దీప్తి గారినీ, ఐదేళ్ళ పాపనీ తీసుకుని ఒక ఆదివారం వచ్చాడు. ఆ రోజు డాక్టరుకి చూపించుకోవడానికి కనకలక్ష్మి కూడా వచ్చి షెడ్డు నీడలో కూర్చుంది. బండి కడిగి, తుడిచి, మెరిపించి ఉంచాం. ఆయన కింద పడుకుని చూశాడు, పెదవి విరిచాడు, అయినా ఆరున్నర దాకా వచ్చాడు. ఆదెయ్య నా చెయ్యి పట్టుకుని పిసికేస్తున్నాడు.

"ఒక రౌండు వేసొస్తామండి" అని ముగ్గురూ ఎక్కారు. అద్దాలు బిగించుకుని ఏసీ వేశారు.

వంద గజాలు పోలేదు. బండి సడెన్‌గా ఆగింది. నాలుగు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. పాప కళ్ళు నులుముకుంటూ గుక్కపట్టి ఏడుస్తోంది. దీప్తి గారు రోడ్డు పక్కన కూలబడి దగ్గుతోంది. రఘురామ్ గారు తుమ్ముతున్నాడు, తిడదామని నోరు తెరుస్తాడు, మళ్ళీ తుమ్ముతాడు. మూడేళ్ళ మిరప దుమ్ము ఏసీ గొట్టాల్లో, సీటు స్పాంజీల్లో దాక్కుని ఉండి, చల్లగాలి తోసేసరికి మొహాన కొట్టింది.

అందరికంటే ముందు నీళ్ళ సీసా పట్టుకుని పరుగెత్తింది కనకలక్ష్మి. పాప మొహం కడిగింది. దీప్తి గారి వీపు రాసింది. రాస్తూ రాస్తూ తనే దగ్గులో పడి, పక్కనే చతికిలబడింది.

"అయ్యో, మీరు కూడా ఎక్కారా అందులో?" అనడిగింది దీప్తి గారు.

"లేదమ్మా. నాకిది ఎప్పుడూ ఉండేదే" అంది కనకలక్ష్మి.

ఐదు నిమిషాలు పట్టలేదు, ఆ తల్లీపిల్లా అందులోంచి దూకి బయటపడ్డారు. దూకడానికి తలుపు లేని మనిషి వాళ్ళకి నీళ్ళిస్తోంది. రఘురామ్ గారు బేరం మాట మళ్ళీ ఎత్తలేదు, తన కారెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత మేం పడని పాట్లు లేవు. సీట్లు ఊడదీసి ఎండబెట్టాం. ఏసీ విప్పించాం. మజ్జిగతో తుడిచాం, సాంబ్రాణి వేశాం. కర్పూరం, కాఫీ పొడి, ఎవరేం చెబితే అది పెట్టాం. పైపైన పోయినట్టే ఉండేది, ఎండలో అరగంట ఉంచితే మళ్ళీ మొదలు. తమాషా ఏమిటంటే ఆదెయ్యకి ఆ ఘాటే తెలియదు. "ఏముంది భాయ్, ఏం లేదే" అని లోపల కూర్చుని నావంక చూసేవాడు. ఒంగోలు నుంచి వచ్చినాయన తలుపు తీసి మూశాడంతే. చీరాలాయన నాలుగుకి అడిగాడు. చవితి ఇంకా పన్నెండు రోజులుంది.

అప్పుడు వచ్చాడు వీరాంజనేయులు. ప్రత్తిపాడులో మిర్చి వ్యాపారి, పొలాల్లోనే కాయ కొని కోల్డ్ స్టోరేజీకి తోలతాడు. చెడ్డవాడు కాదు, కానీ లెక్క మనిషి. బండెక్కి, అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని హాయిగా కూర్చున్నాడు. ఆ గాలి ఆయనకీ రోజూ పీల్చే గాలే. ఆ ఘాటు పట్టని వాళ్ళే ఈ బండి కొనాలని నాకు అప్పుడు తట్టింది.

"బండి ఐదు" అన్నాడు దిగి. "నాకు దీంతో పని బురదలో. బురదలో దీన్ని నడపడం ఆదెయ్యకి తప్ప ఇంకెవడికీ రాదు. డ్రైవరుగా రెండు పంటలు నా దగ్గర ఉంటానంటే ఆరు. జీతం నెలనెలా ఇస్తా. సీజన్‌లో మాత్రం ఊరు దాటడానికి లేదు, ఏ గంటకి పిలిస్తే ఆ గంటకి రావాలి."

ఆదెయ్య నా వంక చూశాడు. "రెండు పంటలంటే రెండేళ్ళు భాయ్" అన్నాడు నెమ్మదిగా.

"రెండేళ్ళు ఎంతలో తిరుగుతాయయ్యా? ఆవిడ ప్రాణం ముందు అదో లెక్కా? ఒప్పుకో" అన్నాను. నా నోరు ఆ రోజు పడిపోయినా బాగుండేది. కాగితం కూడా నేనే రాశాను. ఆదెయ్య సంతకం పెట్టి, ఇంట్లో మాత్రం బండి అమ్ముడుపోయిందని, అంతవరకే చెప్పాడు.

చవితికి రెండు రోజుల ముందు కనకలక్ష్మిని వాడరేవులో దింపి, అట్నుంచి అటే బండి అప్పగించాలి. నాకూ చీరాలలో వేరే బండి చూసే పని ఉండి వాళ్ళతో ఎక్కాను. అద్దాలన్నీ దించుకుని పర్చూరు మీదుగా వెళ్ళాం. ఆమె ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కూడా దారంతా మాట్లాడుతూనే ఉంది. ఇడ్లీ ప్లేటు ఎంతకివ్వాలి, పునుగులు వెయ్యాలా వద్దా, పొద్దున్నే నీళ్ళెవరు మోస్తారు.

"నీళ్ళు నువ్వు మోద్దువుగాని మావా. పొయ్యి దగ్గర నేనుంటా" అంది. ఆదెయ్య ఊ కొట్టాడు.

హోటలు ముందు అంకమ్మ ఎదురొచ్చింది. చెల్లెలూ అక్కా కలిసి మూటలు దించుకున్నారు. సముద్రం గాలి రివ్వున కొడుతోంది. కనకలక్ష్మి గుడ్డ విప్పేసి నిండుగా ఊపిరి పీల్చి, వెనక్కి తిరిగి చూసింది. ఆదెయ్య ఇంకా స్టీరింగు దగ్గరే ఉన్నాడు, ఇంజను ఆగలేదు.

"దిగవేం? అవునూ, నీ బట్టల సంచేది?"

ఆయన నేలచూపులు చూస్తూ చెప్పేశాడు. రెండు పంటలు, వీరాంజనేయులు, కాగితం. నేను ఆమె మొహం చూడలేక అవతలి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"బండి అమ్ముకొస్తానని పోయి నిన్ను నువ్వు అమ్ముకొచ్చావా?" అంది. ఒక మూట తీసి తొట్టిలో పడేసి, తలుపు తీసుకుని వెనక సీటులో ఎక్కి కూర్చుంది. "పద, ఇంటికి పోదాం. చస్తే అక్కడే చస్తా. నువ్వు ఆ దుమ్ములో, నేనీ గాలిలోనా?"

"కనకం, డబ్బు కట్టేశా. దిగవే" అని బతిమాలాడు. అంకమ్మ బతిమాలింది. నేనూ రెండు మాటలు చెప్పాను. ఆమె కదల్లేదు. ఎండకి క్యాబిన్ వేడెక్కుతోంది. దగ్గు అందుకుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, సీటు అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పుడు ఆదెయ్య దిగాడు. వెనక తలుపు తీసి, నేనెప్పుడూ వినని గొంతుతో అరిచాడు. "దిగమంటుంటే! రాత్రిళ్ళు నీ దగ్గు వినలేక చస్తున్నా. ఒక్క పూట కంటి మీద కునుకు లేదు నాకు. నువ్వు లేకపోతే హాయిగా పడుకుంటా. దిగు!"

కనకలక్ష్మి ఆయన్ని ఎగాదిగా చూసింది. మెల్లగా దిగింది. తొట్టిలోని మూట తనే దించుకుంది. ఆయన బండెక్కి, అద్దంలో కూడా చూడకుండా పోనిచ్చాడు.

ఊరు దాటాక సరుగుడు తోటల పక్కన బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. నాకు తిట్టడం తప్ప ఓదార్చడం చేతకాదు.

"భాయ్, నా మాట నిజమనుకుంటుందా?" అన్నాడు.

"ఛ, అనుకోదులే. ఇన్నేళ్ళ కాపురం, నీ సంగతి తెలీదా ఏంటి?" అన్నాను.

మొహం తుడుచుకుని గేరు వేశాడు. "అనుకోవాలి భాయ్. అనుకోకపోతే నాలుగు రోజుల్లో వచ్చేస్తది."