నాన్న పేరుతో నేను వేసిన ఆకాశం

మా చిన్నప్పుడు... నాకు పదమూడో ఏడు నడుస్తున్న వేసవిలో, ఒక పొద్దున్న నాన్న నన్ను వెనకగదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, చేతికి బ్రష్ ఇచ్చాడు.

"ఎవలికీ సెప్పకు బుల్లీ," అన్నాడు.

మాది బొబ్బిలి. నాన్న బోర్డులు రాసేవాడు. బట్టల కొట్లు, మందుల షాపులు, మా చర్చి గేటు మీద వాక్యం... ఊళ్లో సగం అక్షరాలు ఆయనవే. బొమ్మలు కూడా వేసేవాడు. ఆ ఏడు చలికాలం నుంచి కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ కప్పు ఎత్తితే సాసరు గలగలమనేది. బోర్డులు ఇంటికి తెచ్చుకుని, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని ఎలాగో రాసేవాడు. ఆ సంగతి అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే విజయనగరం నుంచి ఒక డాక్టరుగారు వచ్చారు. కొత్తిల్లు కట్టుకున్నారట, హాల్లోకి పెద్ద ఆయిల్ పెయింటింగ్ కావాలట. పాత పుస్తకంలోంచి ఒక పేజీ తెచ్చారు. మూడొందల ఏళ్ల కిందట ఎవరో పరదేశపు చిత్రకారుడు వేసిన బొమ్మ... ఒక నది, గట్టున గాలిమర, నాలుగు ఆవులు, మిగతాదంతా మబ్బులు.

"అచ్చు ఇలాగే ఉండాలి మాస్టారూ," అన్నారు. నాన్న కాదనలేకపోయాడు. కాదంటే ఎందుకో చెప్పాలి కదా...

అలా ఆ పని నా మీద పడింది.

చెక్క చట్రానికి గుడ్డ బిగించి, తెల్ల పూత పూసి, బొమ్మ మీదా గుడ్డ మీదా నాచేత గళ్లు గీయించాడు. ఆ గడిలో ఏముందో ఈ గడిలో అదే గీయాలి. దాని మీద మట్టిరంగు పల్చగా పూయాలి. అది ఆరాలి. ఆయిల్ రంగు ఆరడమంటే గంటా రెండు గంటలా... రోజులు! కిటికీ తీస్తే దుమ్ము పడుతుందని ఒకటి, ఎవరైనా చూస్తారని ఒకటి... ఎప్పుడూ మూసే ఉండేది. అవిసెనూనె, టర్పెంటైన్ వాసన, మే నెల ఉక్క. నాన్న నా వెనక స్టూలు మీద.

"ఆకాశం ఏ రంగే?"

"నీలం."

"కళ్లు సగం మూసి సూడు. పసుపు ఉన్నాది, బూడిద ఉన్నాది. నీలం ఏదీ?"

చూశాను. నిజమే... నీలం దాదాపు లేదు. ఆ ఒక్క రోజూ ఎంత సంతోషం వేసిందో!

మిగతా రోజులు అలా లేవు. మబ్బు అంచు మెత్తగా రావాలంటే పొడి బ్రష్‌తో తాకీ తాకనట్టు తాకాలి. నేను నొక్కేసేదాన్ని. నాన్న కత్తితో గీకేసేవాడు. "మళ్లీ." మొదటి మబ్బే ఎనిమిదిసార్లు వేశాను.

గోడ అవతలే చర్చి. పిల్లలకి వేసవి బైబిలు బడి... చప్పట్లు, పాటలు, ఆఖరి రోజు నాటకం. ఏటా నేనే దేవదూతని. ఆ ఏడు నా రెక్కలు మా పిన్ని కూతురు కట్టుకుంది. అడిగినవాళ్లకి అమ్మ "దానికి జొరం" అని చెప్పింది. నేను లోపల ఆవు కాళ్ల కింద నీడ వేస్తూ ఆ పాటలు విన్నాను. గొంతు కలపడానికి లేదు.

పాతిక రోజులకి పూర్తయింది. మూలన సంతకానికి నాన్న సన్న బ్రష్ తీసుకున్నాడు. చెయ్యి నిలవలేదు. బ్రష్ నాకిచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన పేరు నేనే రాశాను.

"మీ చెయ్యి బంగారం మాస్టారూ! మా బావగారికీ ఒకటి కావాలి. అచ్చు ఇదే," అన్నారు డాక్టరుగారు. తలుపు వెనక నేను... నాన్న ఏం చెప్తాడా అని. ఆయన తలూపాడు.

మళ్లీ అదే నది, అవే ఆవులు. అదయ్యేసరికి ఇంకొకరికట. మూడో గుడ్డ మీద గళ్లు గీస్తూ ఉండగా బడి తెరిచారు. "సాయంత్రాలు ఎయ్యొచ్చులే," అన్నాడు నాన్న. నేను పెన్సిలు కింద పెట్టేశాను.

"నానెయ్యను నాన్నా. ఇంకెప్పుడూ ఎయ్యను."

కొడతాడనుకున్నాను.

"ఏటే, రంగు కుదరట్లేదా?" అన్నాడు మెల్లగా.

"అది కాదు. నా పేరెక్కడా లేదు నాన్నా. నాకు జొరమూ లేదు."

నాన్న లేచి వెళ్లి కిటికీ తెరిచాడు.

మర్నాడు విజయనగరం బస్సెక్కి, డాక్టరుగారింటికెళ్లి, "నా చెయ్యి పోయిందండీ. అవి మా అమ్మాయి ఏసినవి," అని చెప్పి వచ్చాడు. ఆయన కోప్పడలేదట. కానీ మూడో బొమ్మ మాట మళ్లీ ఎత్తలేదు. నెల తిరక్కుండా సంగతి ఊరంతా పాకింది. బోర్డుల పనీ ఆగిపోయింది. నాన్న వెళ్లి మా బాబాయి కిరాణా కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో...

ఇప్పుడు నేను శ్రీకాకుళంలో నర్సుని. అరసవల్లి రోడ్డులో మా ఇంటి కింద ఫ్లెక్సీ షాపు. ఏ దేశపు బొమ్మయినా అరగంటలో గోడంత తీసిస్తారు. దాని కోసం ఏ పిల్లా వేసవి పోగొట్టుకోనక్కర్లేదు. మంచిదే... కానీ ఒక్క బొమ్మ ముందు పాతిక రోజులు కలిసి కూర్చున్న తండ్రీకూతుళ్లు కూడా ఇక ఉండరు.

నాన్న పోయి నాలుగేళ్లు. ఆ రోజు బస్సులో ఒక్కడివే వెళ్తూ ఏమనుకున్నావు నాన్నా అని ఏనాడూ అడగలేకపోయాను.

మీకూ ఇష్టం లేకుండా నేర్చుకున్న పని ఏదైనా ఉందా? అది నేర్పినవాళ్లు ఇంకా ఉంటే... ముందు వాళ్లకి ఒక ఫోన్ చేసి మాట్లాడండి. ఆ తర్వాత వచ్చి ఇక్కడ రాయండి.