సీటు కింద తీగచుట్ట

వేరుశనగ చేను కనబడితే చాలు, ఇప్పటికీ గట్టు వెంబడి తీగ ఉందేమోనని చూస్తాను.

ఆ రోజు ఎర్రగుంట్లలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న రైతు, ఎన్నికలొచ్చాయని తన లైసెన్సు తుపాకీని పోలీస్ స్టేషన్లో అప్పగించి వస్తున్నాడు.

"అది ఒంటిగుండు తుపాకప్పా. రెండో గుండు పెట్టేలోపల అడివిపందులు సగం చేను తవ్విపారేస్తాండాయి. వరసగా కాల్చేది అడిగితే మనట్లాటోళ్లకు ఇయ్యరు. ఇప్పుడు ఇదీ ల్యాకపాయ."

"మరి కాపలా ఎట్లన్నా?"

సీటు కిందున్న ఇనుప తీగచుట్టను చూపించాడు. "చుట్టూ కట్టి కరెంటిస్తా."

"మనుషులు తగిలితే?"

"రాత్రిపూట ఆ పక్కకు ఎవరొస్తార్లే."

మలుపులో బస్సు ఒరిగి, చుట్ట దొర్లి నా కాలికి తగిలింది. ఆయన ఉలిక్కిపడి రెండు చేతులతో దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

దిగేదాకా ఇద్దరం కాళ్లు సీటు మీదికి ముడుచుకునే కూర్చున్నాం.