టీచరమ్మ బ్యాగులో తాళం

నీళ్లు బాగా తాగండని మా పత్రిక ఆరోగ్యం పేజీలో చాలా వేసవుల్లో రాశాను. తాగనివాళ్లు ఎందుకు తాగరో మాత్రం ఘాజియాబాద్ నుంచి ఢిల్లీ వచ్చే బస్సులో తెలిసింది.

నా ఫోను మాటలు విని, పక్క సీటావిడ "తెలుగువారా అండీ? మాది కాకినాడ, ఇక్కడ స్కూల్లో టీచర్ని" అంది. నీళ్ల సీసా కోసం ఆవిడ తన బ్యాగు తెరిస్తే ముందుగా పిడికిలంత ఇనుప తాళం బయటికొచ్చింది.

"ఇంటిదా?" అన్నాను.

"కాదండీ, మా ఆడపిల్లల బాత్రూంది. పాడుచేస్తారని తాళం వేసి, ఇన్‌స్పెక్షన్‌ రోజు మాత్రమే తీసేవారు. వెళ్లే చోటు లేక పిల్లలు బడిలో చుక్క నీళ్లు తాగేవారు కాదు. ఒకటే తలనొప్పులు, మూత్రంలో మంట. ఓ పిల్ల ప్రార్థనలోనే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజే తాళం తీసి బ్యాగులో వేసుకున్నా."

"ఇప్పుడో?"

"మధ్యాహ్నానికే సీసాలన్నీ ఖాళీ! 'మేడమ్, పానీ' అంటూ నా ప్రాణాలు తోడేస్తున్నారు," అంది, క్లాసంతటికీ నూటికి నూరు మార్కులు వచ్చినంత గర్వంగా.

ప్రిన్సిపాల్ ఊరుకున్నారా అని అడిగాను.

"కొత్త తాళం కొంటానన్నారండీ. కొనండి సార్, నా బ్యాగులో ఇంకా చోటుంది అన్నాను."