ఆరో రోజు వాక్యం

ఆ బోర్డుల పెయింటర్‌కు కోపం తెప్పించాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. వంకర అక్షరం ఒకటి చూపిస్తే చాలు. మందుల చీటీ చేతికిస్తే ముందు అందులోని రాతను తిట్టి, ఆ తర్వాతే జబ్బు సంగతి అడిగే రకం. ఫ్లెక్సీలొచ్చి సగం పని ఎగరేసుకుపోయినా ఆయన కుంచె వదల్లేదు. కూతురికి అక్షరాలు దిద్దించిందీ ఆయనే, పాత రేకు ముక్కల మీద, మిగిలిపోయిన రంగుతో. ఆ పిల్లకిప్పుడు పన్నెండేళ్లు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

పిచ్చుకకు రక్త క్యాన్సర్. మూడేళ్లలో రెండుసార్లు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఇక మిగిలింది ఒక్కటే దారి అంది డాక్టరమ్మ. పిల్ల రక్తంలోంచే కొన్ని కణాలు తీసి, ల్యాబులో వాటికి జబ్బును గుర్తుపట్టడం నేర్పి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. అవి కుదురుకుంటే జబ్బును వేటాడి చంపుతాయి. కాకపోతే ఆ వేటలో ఒక్కోసారి మెదడు దెబ్బతింటుంది. ముందే పసిగడితే మందుంది, ఆలస్యమైతే మా చేతుల్లో ఉండదు అని కూడా చెప్పింది.

పసిగట్టడానికి వాళ్లు తెచ్చిన సరంజామా చూసి పెయింటర్ తెల్లబోయాడు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను. రోజూ పొద్దున, సాయంత్రం పిల్ల ఒకే వాక్యం రాయాలట.

"ఇంత పెద్దాసుపత్రిలో ఇదా పరీక్ష?" అన్నాడు.

"మెదడుకి ఏమైనా అయితే మాకు మొదట తెలిసేది ఇక్కడేనండీ," అంది సిస్టర్.

వాక్యం పిచ్చుకే ఎంచుకుంది: 'మా మేడ ఎక్కితే రైలు కనిపిస్తుంది.' కణాలు ఎక్కించాక మూడో రోజు జ్వరం వచ్చింది. అది రావాల్సిందేనన్నారు, తగ్గింది కూడా. రాత మాత్రం చెక్కుచెదరలేదు. గదిలోకి ఒక్కరినే రానిస్తారు కాబట్టి తల్లి అద్దం అవతల ఫోను పట్టుకుని నిలబడేది. తండ్రి పుస్తకం తిరగేసి, "నీ 'డ' కాస్త ఒళ్లు చేసిందే," అని ఆటపట్టించేవాడు.

"ఆసుపత్రి తిండి మరి," అనేది పిచ్చుక.

ఆరో రోజు పొద్దున సిస్టర్ పుస్తకం ఇచ్చిందో లేదో పక్క గదిలో అలారం మోగింది. "రాయించి ఉంచండి, ఇప్పుడే వస్తా," అని పరుగెత్తింది.

పిచ్చుక పెన్ను పట్టుకుంది. మొదటి అక్షరం మెలికలు తిరిగింది. రెండోది గీత కిందికి జారిపోయింది.

"నాన్నా, చెయ్యి మాట వినట్లేదు."

రాత్రి సరిగా నిద్రపోలేదు కదా, అదే అనుకున్నాడు. రాత ఇలాగే బాగుంటే ఆదివారం అమ్మను లోపలికి రానిస్తామని వాళ్లు మాటిచ్చి ఉన్నారు. దానికింకా రెండు రోజులే. ఆయన ఆ కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. పిల్ల పిడికిలి మీద తన చెయ్యి వేసి, చిన్నప్పుడు దిద్దించినట్టే మెల్లగా నడిపించాడు. వాక్యం ముత్యాల్లా వచ్చింది. కన్నవాడు కదా, పరీక్ష అనేసరికి పిల్ల తప్పకూడదన్న ఒక్క ధ్యాసే మిగిలింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన కాస్త గర్వపడ్డాడు కూడా. సిస్టర్ వచ్చి చూసి, టిక్కు పెట్టి, మళ్లీ పక్క గదికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి పిచ్చుకకు ఫిట్స్ వచ్చాయి.

గది నిండా మనుషులు. డాక్టరమ్మ పుస్తకం తిరగేస్తూ, "పొద్దున బాగానే రాసిందే," అంది. ఆమె ముఖంలో అయోమయం పెయింటర్ చూశాడు. జేబులోని కాగితం తీసి, ముడతలు సాపు చేసి ఇచ్చాడు.

"తను రాసింది ఇదండీ. అది నేను చెయ్యి పట్టుకుని రాయించాను."

"ఎన్ని గంటలకి?"

"ఎనిమిదిన్నరకి."

ఆమె గోడ గడియారం వైపు చూసి, ఆ టైము రాసుకుని, మంచం వైపు తిరిగింది. చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

భార్యకు ఫోనులో చెప్పాడు, అద్దంలోంచి ఆమెను చూస్తూనే. "నేనున్నా అదే చేసేదాన్నేమో," అంది. అది ఓదార్పో దెప్పిపొడుపో ఆయనకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ చాలలేదు.

తొమ్మిది రోజులు పిచ్చుక కళ్లు తెరవలేదు. పదో రోజు తెరిచింది. తండ్రిని గుర్తుపట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. జబ్బు పోయిందో లేదో నెల గడిస్తే గాని తెలియదన్నారు. పట్టు తప్పిన కుడిచేతి సంగతి అడిగితే, చూద్దాం అన్నారు.

మరో నాలుగు రోజులకు సిస్టర్ మళ్లీ పుస్తకం తెచ్చింది. పెన్ను పిచ్చుక వేళ్ల మధ్య నిలవలేదు. మూడుసార్లు జారి దుప్పటి మీద పడింది.

"నాన్నా, పట్టుకో."

పెయింటర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నువ్వే రాయమ్మా. ఎలా వస్తే అలా రాయి."

పిల్లకు కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆయన కదల్లేదు. అరగంటకు కాగితం మీద నాలుగు గీతలు పడ్డాయి. అక్షరమని చెప్పుకోవడానికి అందులో ఒక్కటీ లేదు.

ఆయన పుస్తకం తీసి సిస్టర్ చేతిలో పెట్టాడు.

"తనే రాసిందండీ," అన్నాడు.