గోడ కింద నుయ్యి, అటక మీద చెంబు

నర్సీపట్నం పాతబజారు వీధిలో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డట్టుండేవి. ఈ ఇంటి పెంకు జారితే ఆ ఇంటి చూరు మీద ఆగేది. అందులోనూ దఫేదారు అప్పలనరసింహంగారి ఇల్లూ, యాజులు మాస్టారి ఇల్లూ మరీ దగ్గర. రెండు పెరళ్ళ మధ్య గోడ సరిగ్గా నూతి నడిమి మీంచి పోయేది. సగం నుయ్యి ఇటు, సగం అటు. ఇటొక గిలక, అటొక గిలక. నీళ్ళు మాత్రం ఒక్కటే.

అప్పలనరసింహం గొలుగొండ వీధిబడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, తాలూకా కచేరీలో బంట్రోతుగా చేరి, బంట్రోతులందరి మీదా దఫేదారై రిటైరైన మనిషి. ఆయన ఘనకార్యాలు వీధిలో అందరికీ కంఠతా వచ్చు, ఎందుకంటే ఆయనే చెప్పేవాడు. పొంగిన ఏటిలో కచేరీ పెట్టె నెత్తిన పెట్టుకుని తడవకుండా దాటించినవాడు. ఏజెన్సీ క్యాంపులో ఎలుగుబంటిని చేతికర్రతో అదిలించినవాడు. ఎంతమంది ఆఫీసర్లు మారినా ఒక్కరి చేతా మాట పడనివాడు. వీటన్నిటికన్నా ఆయనకి గొప్ప మరొకటుంది. పాతాళభేది. ఇనప కడియం చుట్టూ కొక్కేలు దిగ్గొట్టిన గాలం. నూతిలో పడ్డవాటిని పైకి తీసేది. కృష్ణదేవిపేటలో కమ్మరి గంగులు కొలిమి దగ్గర పొద్దస్తమానం కూర్చుని చేయించుకొచ్చాడు.

"సేదలు తీసింది. బిందెలు తీసింది. షావుకారిగారింటి యెండిగ్లాసు తీసింది. కొత్త పెళ్ళికూతురు నాంతాడు తీసింది. మా గంగులు పోయినాక ఇలాటిది సేసీవోడు ఈ తాలూకాలో లేడు!" అని అరుగు మీద కూర్చుని దారే పోయేవాళ్ళకి చెప్పేవాడు.

గాలం ఎరువు పట్టుకెళ్ళేవాళ్ళు ఇంట్లోది ఏదో ఒక పాత్ర ఆయన దగ్గర ఉంచి వెళ్ళాలి. గాలం తిరిగొస్తేనే పాత్ర తిరిగి వెళ్ళాలి. అలా జరక్కపోతే ఇచ్చినవాళ్ళ నుయ్యి ఎండిపోతుందని పాతబజారులో నమ్మకం.

డెబ్బైమూడో సంవత్సరం ఎండల్లో మాస్టారి భార్య కమలాంబ తోడుతూ ఉండగా చేద జారి నూతిలో పడింది. మాస్టారు గాలం కోసం వచ్చారు. చేతికందిన రాగిచెంబు ఒకటి తాకట్టుగా తెచ్చారు. అది కమలాంబకి పెళ్ళిలో తల్లి పెట్టిన చెంబు. కడుపు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టి ఉంది. రోజూ తులసికోటలో నీళ్ళు పోసేది దానితోనే.

"సాయంత్రానికి మీ గాలం మీకు, మా చెంబు మాకు" అన్నారు మాస్టారు నవ్వుతూ.

సాయంత్రం ఆయన చేతిలో తెగిన తాడు మాత్రం ఉంది.

"నరసింహంగారూ, తాడు పుచ్చిందని చూసుకోలేదండీ. గాలం అడుగునే ఉండిపోయింది."

"పుచ్చు తాడుకి నా గాలం కట్టీసినారేటి మేస్టారూ! పిల్లలకి లెక్కలు సెప్తారు, తాడు సూసుకోడం తెల్దా?"

నూతుల్లో దిగే సోములుని పిలిపించారు. అతను మునిగి మునిగి లేచి, "అడుగున నడుం లోతు బురదుంది బాబూ, నావల్ల గాదు" అన్నాడు. మాస్టారు బజారులో కొత్త గాలం కొని తెచ్చి గోడమీద పెట్టారు. అప్పలనరసింహం దాన్ని ముట్టలేదు.

"ఇది గాలవేటండి? ఆటబొమ్మ. నా గాలం తెండి, మీ సెంబు అట్టుకెళ్ళండి."

మాస్టారికీ ఉడుకెత్తింది. వీధంతా వింటుండగా, "ఎన్నేళ్ళొచ్చినా బిళ్ళబంట్రోతు బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు!" అనేశారు.

దఫేదారుని పట్టుకుని బంట్రోతన్నారు! ఎన్నేళ్ళో ఎక్కివచ్చిన మెట్లన్నీ ఆ ఒక్క మాటతో కిందికి దొర్లిపోయినట్టయింది అప్పలనరసింహానికి. ఇంట్లోకి వెళ్ళి నిచ్చెన వేసి చెంబుని అటక మీద పెట్టేశాడు. ఆనాటి నుంచి మగవాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఒకే నూతి నీళ్ళు తాగుతూ మాట్లాడుకోకపోవడం చెప్పినంత తేలిక కాదు. అవతలి గిలక కీచుమంటే ఎవరు తోడుతున్నారో అప్పలనరసింహానికి తెలిసిపోయేది. మాస్టారు గుంజి గుంజి లాగుతారు. కమలాంబది నిదానం. అటు చేద నూతిలో ఉన్నంతసేపూ ఈయన తన చేద దింపేవాడు కాదు, తాళ్ళు పెనవేసుకుంటాయని. అటువాళ్ళూ అంతే. ఆడవాళ్ళిద్దరూ మాత్రం ఈ గొడవ తమది కాదన్నట్టు గోడమీంచి పులుసుగిన్నెలు మార్చుకుంటూనే ఉండేవారు.

వీధిలోకి పంచాయతీ కుళాయి వచ్చింది. అందరూ నూతులకి రేకులు కప్పేశారు. ఈ రెండిళ్ళవాళ్ళు కప్పలేదు. కుళాయి దగ్గర ఎదురుపడి మొహాలు తిప్పుకోవడంకన్నా నుయ్యే నయమనిపించిందేమో.

అలా ఉండగా అవతలి గిలక నెమ్మదించింది. కమలాంబకి గుండె జబ్బన్నారు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చారు. ఒకరోజు పొద్దున్న ఆవిడ గోడ పట్టుకుని నిలబడి అప్పలనరసింహం భార్యని పిలిచింది.

"లక్ష్మమ్మా, నా చెంబు కులాసాగా ఉందా?"

"ఉందండి కమలమ్మగారూ. అటకెక్కి కూకుంది మారాణిలాగ" అంది వరలక్ష్మమ్మ.

కమలాంబ నవ్వింది. నవ్వుకి ఆయాసం వచ్చింది. "ఒక్కసారి దాంతో తులసమ్మకి నీళ్ళు పొయ్యాలనుందే. ఈయన అడగరు, ఆయన ఇవ్వరు. ఇద్దరూ ఇద్దరే."

పెరట్లో కొబ్బరిమట్ట చీరుతున్న అప్పలనరసింహం ఆ మాట విన్నాడు. అన్నాల దగ్గర వరలక్ష్మమ్మ ఎత్తుకుంది.

"ఇచ్చీండి."

"ఇవ్వనంటన్నానా? మేస్టారొచ్చి ఒక్క మాట అడిగితే సాలు."

"ఆవిడ అడిగింది సాల్దేటి?"

"ఆవిడకీ నాకూ తగువేటే? ఆయన అడగాల."

అన్నాడేగాని చెయ్యి కడుక్కుని నిచ్చెన వేశాడు. చెంబు దింపి, దుమ్ము తుడిచి, వీధి గుమ్మం పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మాస్టారు గుమ్మం దిగారు. ఈ అరుగు ముందు ఒక క్షణం ఆగారు. దగ్గారు. మందులకొట్టు వైపు వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఆ వేళంతా చెంబు గుమ్మం దగ్గరే ఉంది. దీపాలవేళకి మళ్ళీ అటకెక్కింది.

కార్తీకం రాకుండానే కమలాంబ పోయింది. అప్పలనరసింహం వెళ్ళి భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని మాస్టారి అరుగు కింద నిలబడ్డాడు. మాస్టారు తలెత్తి చూశారు. అప్పలనరసింహం తువ్వాలు మడతపెట్టుకుని వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు.

ఆ తరవాత అవతలి గిలక ఒక్కటే పద్ధతిలో మోగేది, గుంజి గుంజి. రెండేళ్ళకి అదీ ఆగింది. మాస్టారు బట్టలకొట్టు ఆసామీకి ఇల్లు అమ్మేసి, రాజమండ్రిలో తమ్ముడి దగ్గరికి ప్రయాణమయ్యారు. రిక్షాలో పెట్టె పెడుతుండగా అప్పలనరసింహం కండువాలో చుట్టిన చెంబు తెచ్చాడు.

"మేస్టారూ… ఇదిగోండి."

మాస్టారు కండువా విప్పారు. చుక్కల పేరు మీద బొటనవేలు ఒకసారి నడిపించి, చెంబు తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు.

"గాలం దొరకలేదు కదండీ నరసింహంగారూ. ఉంచండి."

"ఆ మాట ఒగ్గీండి మేస్టారూ, మీకు దణ్ణవెడతాను."

"ఎత్తిపొడుపు కాదండీ. అడగవలసిననాడు నేనూ అడగలేదు. ఇప్పుడు పట్టుకెళ్ళి ఏ తులసిలో పొయ్యను?"

రిక్షా వీధి మలుపు తిరిగింది. కండువా ఒక చేత, చెంబు ఒక చేత, ఆయన వీధి మధ్యలో ఉండిపోయాడు.

కొన్న ఆసామీ అక్కడ మేడ కట్టదలిచాడు. నుయ్యి పూడ్చాలన్నాడు. సగం నుయ్యి పూడ్చడమంటే మొత్తం పూడ్చడమే. ముందు గోడ పడగొట్టారు. ఇంజను పెట్టి నీళ్ళు తోడించి, మట్టి పోసేముందు అడుగు చూడడానికి అప్పలకొండ అనే కూలీని దింపారు. వాడు కిందనుంచి కేకేసి, తాడుకి ఏదో కట్టి పైకి పంపాడు.

బురద కడిగితే పాతాళభేది. దాని కొక్కేనికి కమలాంబ చేద. ఆనాడు గాలం చేదని పట్టుకుంది. ఆ బరువుకే తాడు తెగింది. అప్పట్నుంచీ ఆ బురదలో చేదని వదలకుండా పట్టుకునే ఉంది.

పైకొచ్చిన అప్పలకొండ, "ఇదేటి తాతా? తూకానికేసీనా?" అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో, "ఓరి, అది తాత గాలంరా! సెప్పు తాతా, షావుకారు యెండిగ్లాసు కత!" అన్నారు.

అప్పలనరసింహం నోరు తెరిచాడు. సేదలు తీసింది, బిందెలు తీసింది… అక్కడితో ఆపి, కొక్కేనికున్న చేద మీద చెయ్యి వేశాడు.

వరలక్ష్మమ్మ ఇంట్లోకి వెళ్ళి చింతపండుతో తోమిన చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన చేదని గాలం నుంచి విడదీసి, దానితోనే నూతి అడుగున ఊరిన నీళ్ళు తోడించి, అందులో చెంబు ముంచాడు. గోడ ఉన్నచోటు దాటి, అన్నేళ్ళలో మొదటిసారి అవతలి పెరట్లో అడుగు పెట్టాడు. తులసికోటలో ఎండుపుల్ల ఒకటి మిగిలుంది.

"బేగి పొయ్యండి, కోట ఇరగ్గొట్టడానికొస్తన్నారు" అంది వరలక్ష్మమ్మ.

"ఉండవే. బురద దిగనీ."

గునపాలు పట్టుకుని కూలీలు పక్కన నిలబడ్డారు. చెంబులో నీళ్ళు తేరుకునేదాకా ఆయన కదలలేదు. తరవాత నెమ్మదిగా వంచాడు. ఎండిన మన్ను చుయ్యిమని పీల్చుకుంది. నీళ్ళయిపోయాయి. చెంబు మాత్రం ఆయన ఇంకా వంచే ఉంచాడు.