నా బొంత, నా భుజం

యాభై దాటాక మొదటిసారి బ్యాగు తగిలించుకుని ఒంటరిగా ఏజెన్సీ కొండలు చూడ్డానికి వచ్చాను. బ్యాగు మీద, అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత చుట్టి కట్టాను.

ఈ సాయంత్రం చింతపల్లిలో జీపెక్కబోతుంటే, నాలాగే ఊళ్లు తిరగడానికొచ్చిన ఓ కుర్రాడు పాఠం మొదలుపెట్టాడు. "ఆంటీ, కొత్తవాళ్ళందరూ చేసే తప్పే ఇది. ఇంత బరువు మొయ్యకూడదు. ఆ బొంత ఎవరికైనా ఇచ్చేయండి, ఒక్క జాకెట్ చాలు."

ఇవ్వనన్నాను. సంత ముగించుకుని జీపులో సర్దుకున్న ఆడవాళ్ళంతా వింటూనే ఉన్నారు.

కొండ దారి ఎక్కేసరికి పొద్దువాలింది. పక్కలకు అద్దాల్లేని జీపు, ఒకటే చలిగాలి. బొంత విప్పి ఒళ్ళో పరిచాను. మా వరసలో ఆడవాళ్ళందరూ దాన్ని మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. ఎదురు సీట్లో కుర్రాడు పల్చటి జాకెట్‌లో వణుకుతూ, "ఆంటీ, ఓ కొస ఇటు..." అన్నాడు.

నేను నోరు విప్పేలోపే నా పక్కనున్న ముసలమ్మ అందుకుంది.

"నీకెందుకు బాబూ, బరువు కదేటి!"

జీపంతా నవ్వింది. నేను సర్దిచెప్పలేదు, కొస కూడా జరపలేదు. కొత్తదాన్ని కదా, ఇలాంటి తప్పులు ఇంకా చాలా చేస్తాను.

మీరైతే ఇచ్చేవారా? నిజం చెప్పండి.